పిల్లల తలలో పేలు: గుర్తింపు, చికిత్స

తల పేను మనిషి నెత్తురు తాగి, మనిషి జుట్టులోనే గుడ్లు పెట్టి, పుట్టుక నుంచి చావు దాకా అక్కడే గడిపే రెక్కల్లేని కీటకం. శాస్త్రీయ నామం పెడిక్యులస్ హ్యూమనస్ కాపిటిస్. కుక్క మీదా పిల్లి మీదా కోడి మీదా ఇది బతకలేదు. అన్ని దేశాల్లోనూ, ఉన్నవాళ్ల ఇళ్లలోనూ లేనివాళ్ల ఇళ్లలోనూ కనిపిస్తుంది. బడి వయసు పిల్లల్లో ఎక్కువ, వారిలోనూ ఆడపిల్లల్లో మరీ ఎక్కువ. తల పేను ఏ జబ్బునైనా ఒకరి నుంచి ఒకరికి మోసుకెళ్తుందని రుజువు కాలేదు, దానివల్ల ప్రాణాపాయం లేదు. పేలు పడ్డ పిల్లకు అసలు హాని చేసేవి వేరే ఉన్నాయి. వదిలించాలన్న తొందరలో తలకు పట్టించే కిరసనాయిలు, పురుగుమందు ఒకటి. బళ్లోనూ బంధువుల మధ్యా ఎదురయ్యే చీదరింపు మరొకటి.

పేను, ఈపి

ఎదిగిన పేను నువ్వుగింజంత ఉంటుంది, అంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు. ఒళ్లు బూడిద రంగులోనో గోధుమ రంగులోనో ఉండి, నెత్తురు తాగాక ఎరుపు తిరుగుతుంది. ఆరు కాళ్లకూ చివర వంకర గోళ్లుంటాయి. వెంట్రుకను చుట్టి పట్టుకోవడానికి అవి సరిగ్గా సరిపోతాయి. అందుకే తలంటు పోసినంత మాత్రాన పేను కొట్టుకుపోదు. నీళ్లలో మునిగినా ఊపిరి రంధ్రాలు మూసుకుని గంటల తరబడి బతికే ఉంటుంది. అవే గోళ్లు నున్నటి నేల మీద ఎందుకూ పనికిరావు. పేను ఎగరలేదు, గెంతలేదు. జుట్టులో మాత్రం నిమిషానికి 20 సెంటీమీటర్ల పైన పాకుతుంది, వెలుతురు పడగానే పక్కకు తప్పుకుంటుంది. పాయ తీసి చూసినప్పుడు కంటికి దొరక్కపోవడానికి కారణం ఇదే.

పేను రోజులో పలుమార్లు నెత్తురు తాగుతుంది. అది దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. అయితే అది తాగే నెత్తురు చాలా తక్కువ. ఆస్ట్రేలియా పరిశోధకులు 2006లో కట్టిన లెక్క ప్రకారం 30 పేలున్న పిల్ల రోజుకు పోగొట్టుకునేది 0.008 మిల్లీలీటరు మాత్రమే. వాళ్లు చూసినవాటిలో అన్నిటికంటే ఎక్కువగా, రెండు వేల పైచిలుకు పేలున్న తలకు కూడా అది రోజుకు 0.7 మిల్లీలీటరే. పేలు నెత్తురు పీల్చేసి పిల్ల పాలిపోయిందని ఇళ్లలో అంటుంటారు. నెలల తరబడి తల నిండా పేలుండి, సరైన తిండి కూడా లేని పిల్లల విషయంలో తప్ప ఆ మాట నిలవదు. పిల్ల పాలిపోయి కనిపిస్తే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, తిండి సంగతీ నులిపురుగుల సంగతీ చూడాలి. నేరం పేల మీద వేసి ఊరుకుంటే అసలు జబ్బు మిగిలిపోతుంది.

ఆడపేను నెల రోజుల దాకా బతికి, రోజుకు ఆరు నుంచి పది గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డునూ వెంట్రుక కుదురు దగ్గర, మాడు వెచ్చదనం తగిలే చోట, జిగురుతో అతికిస్తుంది. ఆ జిగురు వెంట్రుకలాగే మాంసకృత్తులతో తయారైంది. దాన్ని కరిగించి వెంట్రుకను మాత్రం వదిలేసే ద్రావకం లేదు, వెనిగర్ పోసినా నిమ్మరసం రాసినా ఈపి ఊడిరాదు. గుడ్డు సుమారు 7 నుంచి 10 రోజుల్లో పగులుతుంది. బయటికొచ్చిన పిల్ల పేను మూడుసార్లు కుబుసం విడిచి, మరో 9 నుంచి 12 రోజుల్లో గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది. మొత్తం మూడు వారాల చక్రం. చికిత్సలో రెండో మోతాదు ఎప్పుడు వేయాలో తేల్చేది ఈ లెక్కే.

గుడ్డునీ, పిల్ల బయటపడ్డాక మిగిలే ఖాళీ పెంకునీ కలిపి ఈపి అనే అంటాం. కొన్ని ప్రాంతాల్లో ఈరు అంటారు. బతికున్న గుడ్డు గోధుమ రంగులో చర్మానికి దగ్గరగా ఉండి కంటికి సరిగా ఆనదు. తెల్లగా మెరుస్తూ అందరికీ కనిపించేది ఖాళీ పెంకు. అమ్మలు చూసి కంగారుపడేది ఎక్కువసార్లు దాన్నే.

పాత సహవాసం

మనిషికీ పేనుకూ మనిషి మనిషి కాకముందు నుంచే సంబంధం ఉంది. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో దొరికిన దాదాపు 10,000 ఏళ్ల నాటి వెంట్రుక మీద ఈపి ఉంది. ఇజ్రాయెల్‌లోని లాకీష్ తవ్వకాల్లో 2016లో ఏనుగుదంతపు దువ్వెన ఒకటి బయటపడింది, అది క్రీ.పూ. 1700 ప్రాంతానిదని అంచనా. దాని మీద గీసిన సన్నటి అక్షరాల సంగతి 2022లో ప్రకటించారు. తలలోనూ గడ్డంలోనూ ఉన్న పేలను ఈ దువ్వెన ఊడబెరకాలన్న కోరిక అందులో ఉంది. కనానీ లిపిలో ఇంతవరకు దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదే. దువ్వెన పంటి మీద పేను అవశేషం కూడా అంటుకుని ఉంది.

లిన్నేయస్ 1758లో పేనుకు శాస్త్రీయ నామం పెట్టాడు. బట్టల కుట్లలో దాగి ఒంటిని కుట్టే చీరపేను కూడా ఈ జాతిదే. మనిషి బట్ట కట్టడం మొదలుపెట్టాక తల పేను నుంచి అది విడిపోయింది. ఆ విడిపోవడం సుమారు 1,70,000 ఏళ్ల క్రితం మొదలై ఉంటుందని 2011లో ఒక జన్యు అధ్యయనం అంచనా వేసింది. టైఫస్ జ్వరాన్ని మోసేది ఆ బట్టల పేనే. ట్యునిస్‌లోని పాశ్చర్ సంస్థలో చార్లెస్ నికోల్ 1909లో ఈ సంగతి తేల్చాడు, 1928లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. యుద్ధాల్లో, కరువుల్లో లక్షల మందిని చంపిన ఆ జ్వరం భయం తల పేను మీదికీ పాకింది. పిల్లల తలలో ఉండేదానికి ఆ పేరు అంటగట్టడం న్యాయం కాదు.

ఎలా ఎక్కుతాయి

తలకు తల ఆనించడం వల్ల. ఇది తప్ప చెప్పుకోదగ్గ దారి మరొకటి లేదు. ఒకే బల్ల మీద ఒకే పుస్తకంలోకి వంగి చదివేటప్పుడు, చెవిలో గుసగుసలు చెప్పుకునేటప్పుడు, ఒకే దుప్పటి కింద పడుకున్నప్పుడు, ఒకే ఫోన్‌లోకి ఇద్దరూ తొంగి చూసేటప్పుడు ఒక వెంట్రుక మీది పేను పక్క వెంట్రుక మీదికి దాటుకుంటుంది. ఆడపిల్లలు దగ్గర దగ్గరగా కూర్చుని ఆడుకుంటారు కాబట్టి వారిలో ఎక్కువ. దువ్వెన, తువ్వాలు, టోపీ, తలగడ ద్వారా అంటుకోవడం జరగదని కాదు గానీ అరుదు. పేలున్నవాళ్లు పడుకున్న తలగడ గలీబులను పరీక్షిస్తే నూటికి నాలుగింటి మీదే బతికున్న పేను కనిపించింది. ఆస్ట్రేలియాలో ఒక బృందం 118 తరగతి గదుల నేలను వెతికింది. ఆ గదుల్లో చదివే 466 మంది పిల్లల తలల్లో 14,000కు పైగా పేలు దొరికాయి, నేల మీద ఒక్కటీ లేదు.

మురికి తలకే పేలు పడతాయన్న నమ్మకం తప్పు. శుభ్రంగా రోజూ తలంటు పోసుకునే పిల్లకూ పడతాయి. నెత్తురూ వెచ్చదనమూ వెంట్రుకా ఉంటే పేనుకు చాలు. నూనె పెట్టకపోవడం వల్లనో, తల ఆరకుండా జడ వేయడం వల్లనో, చెమట వల్లనో అవి వాటంతటవే పుట్టవు.

గుర్తించడం

దురద మొదటి సూచన అనుకుంటాం. మొదటిసారి పేలు పడిన పిల్లకు నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురదే ఉండకపోవచ్చు. పేను లాలాజలం ఒంటికి పడక పుట్టే దురద అది, ఆ పడకపోవడం రావడానికి కొంత కాలం పడుతుంది. రెండోసారి పడితే ఒకటి రెండు రోజుల్లోనే గోకుడు మొదలవుతుంది. కాబట్టి పిల్ల గోక్కోవడం లేదు గనక పేలు లేవనడానికి వీల్లేదు. గోక్కునే ప్రతి పిల్లకూ పేలున్నాయనడానికీ వీల్లేదు. రాత్రిపూట అసహనం, నిద్ర చాలకపోవడం, చెవుల వెనకా మెడ మొదట్లోనూ చిన్న ఎర్రటి పొక్కులు, గోకిన గీరలు కనిపిస్తే తల చూడాల్సిందే.

వెతకాల్సిన చోట్లు చెవుల వెనక, పెడతల కింద మెడ మీది జుట్టు మొదలయ్యే చోటు. ఎలా వెతకాలన్నదే ముఖ్యం. ఒట్టి కళ్లతో పాయలు తీసి చూడటం మనకు అలవాటైన పద్ధతి. జర్మనీలో 304 మంది బడి పిల్లల మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో తడిజుట్టును సన్నదువ్వెనతో దువ్వినప్పుడు బతికున్న పేలు ఉన్న పిల్లల్లో నూటికి 90 మందికి పైగా దొరికారు. కళ్లతో చూసినప్పుడు దొరికింది 29 మంది లోపే. పాత ఈపుల ఆనవాళ్లు పట్టుకోవడంలో మాత్రం కన్నే మెరుగు. ఒక ఇజ్రాయెల్ పరిశోధన కూడా దువ్వెన కంటే కన్ను చాలా వెనకబడిందనే తేల్చింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని పేలు కుక్కుకోవడం తెలుగు పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఉన్న అలవాటు. పద్ధతిగా చూస్తే అది లోపాలున్నదే, చేతికి దొరికినవి దొరికినట్టు తీయడమే తప్ప తలంతా గాలించడం కాదు. అయినా అందులో రెండు మంచి లక్షణాలున్నాయి. తల చూడటం వారం వారం జరిగేది, దానికి సిగ్గు ఉండేది కాదు. ఆ రెండింటినీ నిలుపుకుని చేతికి దువ్వెన ఇవ్వడమే కావాల్సింది.

దువ్వే తీరు ఇలా ఉంటుంది. తలస్నానం చేయించి, తడిగా ఉన్న జుట్టుకు కండిషనర్ గానీ, లేదంటే ధారాళంగా కొబ్బరినూనె గానీ పట్టించాలి. జారుడు వల్ల పేను కదలిక మందగిస్తుంది, దువ్వెన చిక్కుపడదు. ముందు పెద్దపళ్ల దువ్వెనతో చిక్కు తీసి, తర్వాత పేల దువ్వెన పట్టుకోవాలి. దాని పళ్ల మధ్య సందు 0.3 మిల్లీమీటరు మించకూడదు. లోహపు పళ్లున్నది మేలు. అంగళ్లలో దొరికే రెండు వైపులా పళ్లున్న చెక్క దువ్వెనలూ పనికొస్తాయి గానీ విరిగిన, వంగిన పళ్లున్నదాన్ని వాడకూడదు. జుట్టును పాయలుగా విడదీసి, దువ్వెన పళ్లు మాడుకు తగిలేలా పెట్టి కుదురు నుంచి కొస దాకా ఒకే లాగున లాగాలి. లాగిన ప్రతిసారీ దువ్వెనను తెల్ల గుడ్డకో కాగితానికో తుడిచి చూడాలి. మంచి వెలుతురు కావాలి. కళ్లజోడు అవసరమైన వయసు అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకునే చూడాలి. పొడుగు జుట్టుకు అరగంట పట్టినా పట్టవచ్చు.

దువ్వెనకు కదిలే పేను ఒక్కటి చిక్కినా పేలున్నట్టే లెక్క. ఈపులు మాత్రమే కనిపిస్తే అంత తొందరగా తీర్పు చెప్పకూడదు. అమెరికాలోని అట్లాంటాలో 1,729 మంది బడి పిల్లల తలలు చూస్తే 28 మందికే బతికున్న పేలున్నాయి, 63 మందికి ఒట్టి ఈపులున్నాయి. ఆ ఈపులున్నవారిలో 50 మందిని రెండు వారాలు గమనిస్తే 9 మందికే, అంటే 18 శాతానికే, తర్వాత పేలు పట్టాయి. మాడుకు దగ్గరగా ఐదు లేదా అంతకంటే ఎక్కువ ఈపులున్న పిల్లల్లో ఆ అవకాశం ఎక్కువ. కాబట్టి ఈపులు మాత్రమే కనిపించిన పిల్లకు మందు వేయకుండా రెండు మూడు రోజులకోసారి దువ్వి చూడటం మంచిది.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మాడు నుంచి సెంటీమీటరు దాటి ఉన్న ఈపి పాతదని పాశ్చాత్య పుస్తకాలు చెబుతాయి. చలి దేశాల్లో అది బాగానే పనిచేస్తుంది. వేడి వాతావరణంలో జుట్టు పొడవునా వెచ్చదనం ఉంటుంది గనక, మాడుకు చాలా దూరంలోనూ, ముఖ్యంగా మెడ మీది జుట్టులో, బతికున్న గుడ్లు కనిపిస్తాయి. విజయవాడ ఎండల్లో, రామగుండం ఎండల్లో ఆ సెంటీమీటరు సూత్రాన్ని గుడ్డిగా నమ్మలేం. ఇక్కడ దువ్వెనకు చిక్కిన పేను మాటే ఖాయం.

ఈపి అనుకుని పొరపడేవి చాలా ఉన్నాయి. చుండ్రు పొట్టు ఊదితే ఎగిరిపోతుంది, వేలితో కదిపితే జారుతుంది. ఈపి జరగదు, గోటితో గట్టిగా లాగాలి. వెంట్రుక చుట్టూ గొట్టంలా ఏర్పడే తెల్లటి తొడుగులు కూడా అచ్చం ఈపుల్లా ఉంటాయి, కానీ వెంట్రుక వెంబడి సులువుగా జారతాయి. వెంట్రుక చుట్టూ మెత్తటి తెల్లటి ఉండలు కట్టే తెల్ల పీడ్రా అనే బూజు వ్యాధి పొడుగు జుట్టు తడిగానే ముడివేసుకునే ఆడవాళ్లలో, ఆడపిల్లల్లో మనదేశంలో కనిపిస్తుంది. దానికి పేల మందు పనిచేయదు. తల మీద గుండ్రంగా పొట్టు లేచి, వెంట్రుకలు విరిగి, మచ్చలు పడితే అది తామర. బూజు వల్ల వచ్చేది, నోటి మందులు కావాలి.

ఇంకొకటి తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా జరిగే పొరపాటు. ఉన్నట్టుండి రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి నున్నగా కనిపిస్తే దాన్ని పేనుకొరుకుడు అంటాం. పేను జుట్టును కొరకదు. శరీరపు రక్షణ వ్యవస్థే వెంట్రుక కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వచ్చే మచ్చ అది, పేలకు దానితో ఏ సంబంధమూ లేదు. అంటుకునేదీ కాదు. వెల్లుల్లి, మందార ఆకు, నల్లజీడి రసం వంటివి రుద్ది పిల్లల చర్మం కాల్చిన సందర్భాలు చర్మవైద్యులకు బాగా తెలుసు.

కనురెప్పల వెంట్రుకల మీద పేలో ఈపులో కనిపిస్తే ఇంట్లో వైద్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. అవి చాలాసార్లు పెద్దల మర్మాంగ ప్రాంతంలో ఉండే వేరే జాతి పేలు. పిల్లకు ఎలా అంటుకున్నాయో తెలుసుకోవడం ఆ బిడ్డ రక్షణకు సంబంధించిన విషయం, దాన్ని మెత్తగా, గుట్టుగా, తప్పనిసరిగా అడగాలి.

గోకిన చోట చీము పట్టి పుండ్లు పడటం, తేనె రంగు చెక్కులు కట్టడం, మెడ వెనక బిళ్లలు కట్టడం, జ్వరం రావడం సూక్ష్మజీవులు చేరాయనడానికి గుర్తులు. అప్పుడు ముందు పుండుకు వైద్యం, తర్వాత పేలకు.

చికిత్స

బతికున్న పేను దొరికాకే చికిత్స. దొరికిన రోజే ఇంట్లో అందరి తలలూ దువ్వి చూడాలి. అమ్మ, నాన్న, తాత, నాయనమ్మ, చంటిపిల్ల, ఎవరినీ వదలకూడదు. ఎవరికి పేలుంటే వారికి, పేలున్న పిల్ల పక్కలో పడుకునేవారికి కూడా, ఒకే రోజు వైద్యం జరగాలి. పిల్లకు నయమై అమ్మ తలలో మిగిలితే వారంలో కథ మళ్లీ మొదలవుతుంది.

మందు లేకుండా దువ్వెనతోనే పేలు వదిలించవచ్చు. పైన చెప్పిన తడి దువ్వకాన్ని మొదటి రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు చేస్తే, గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు పెద్దవై గుడ్లు పెట్టేలోపే దొరికిపోతాయి. బ్రిటన్‌లో 2005లో ప్రచురించిన పోలికలో ఈ పద్ధతితో 57 శాతం పిల్లలకు నయమైంది, ఒక్కసారి మందు రాసి వదిలేసినవారిలో 13 శాతానికే నయమైంది. 57 అంటే గొప్ప అంకె కాదు. అయితే ఓపికతో క్రమం తప్పకుండా చేసే ఇంట్లో ఇది ఖర్చులేని, హాని లేని దారి. రెండు నెలల లోపు పసిబిడ్డలకు ఇదొక్కటే దారి.

మందుల్లో ముందు చెప్పుకోవాల్సింది 1 శాతం పెర్మెత్రిన్. మనదేశంలో మందుల దుకాణాల్లో దొరుకుతుంది, రెండు నెలలు దాటిన పిల్లలకు వాడవచ్చు. గజ్జికి రాసే 5 శాతం పెర్మెత్రిన్ వేరు, దుకాణంలో అడిగేటప్పుడు తలకని చెప్పి తీసుకుని, పెట్టె మీది శాతం చదువుకోవాలి. కండిషనర్ లేని షాంపూతో తల రుద్ది, తువ్వాలుతో తడి ఒత్తి, మందును కుదుళ్ల నుంచి కొసల దాకా తడిసేలా పట్టించి, 10 నిమిషాలకు కడగాలి. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ పనిచేస్తుందని రాత్రంతా ఉంచకూడదు. కళ్లకు గుడ్డ అడ్డం పెట్టి, తల వంచి, గోరువెచ్చటి నీళ్లతో తల మాత్రమే కడగాలి. ఒంటి మీదుగా స్నానం చేయించకూడదు. తర్వాత ఒకటి రెండు రోజులు తలంటు వద్దు. మందు ముందు కండిషనర్ గానీ నూనె గానీ రాస్తే అది వెంట్రుకకు పట్టదు. దువ్వకానికి జారుడు కావాలి, పెర్మెత్రిన్‌కు జారుడు పనికిరాదు. ఈ తేడా చాలామంది గమనించరు.

పెర్మెత్రిన్ గుడ్లన్నింటినీ చంపలేదు. అందుకే తొమ్మిదో రోజున రెండోసారి రాయాలి. అప్పటికి మిగిలిన గుడ్లు పగిలి ఉంటాయి, వచ్చిన పిల్లలు ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. మొదటిసారికే దురద తగ్గింది కదా అని ఈ రెండో రాతను వదిలేయడమే ఇళ్లలో పేలు తిరిగి రావడానికి నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం. మొదటిసారి రాయగానే క్యాలెండర్‌లో తొమ్మిదో రోజు మీద గుర్తు పెట్టుకోవడం మంచిది.

మందు రాసిన 8 నుంచి 12 గంటలకు దువ్వి చూడాలి. పేలు చచ్చి ఉన్నా, మందగించి ఉన్నా మందు పనిచేసినట్టే. మునుపటిలాగే చురుగ్గా పాకుతుంటే మందు మార్చాలి, అదే మందు మళ్లీ మళ్లీ రుద్దకూడదు. పెర్మెత్రిన్ పేను నరాల మీద పనిచేస్తుంది. ఆ నరాల్లో చిన్న జన్యుమార్పు వచ్చిన పేలు దానికి లొంగవు. అమెరికాలోని 48 రాష్ట్రాల్లో సేకరించిన పేలలో ఆ మార్పు సగటున 98 శాతం దాకా ఉందని 2016లో ప్రచురించారు. మందు పనిచేసిన తర్వాత కూడా కొన్ని రోజులు దురద ఉండవచ్చు, అది పేలు మిగిలాయనడానికి గుర్తు కాదు.

లొంగని పేలకు డాక్టర్లు రాసేవి కొన్ని ఉన్నాయి. ఐవర్‌మెక్టిన్ 0.5 శాతం లోషన్‌ను అమెరికాలో 2012లో ఆమోదించారు. ఆరు నెలలు దాటిన పిల్లలకు పొడిజుట్టు మీద ఒక్కసారి 10 నిమిషాలు రాస్తే సాధారణంగా చాలు. గుడ్డు చావకపోయినా దాన్నుంచి వచ్చిన పిల్ల నెత్తురు తాగలేక చస్తుంది. అదే మందు మాత్రగా కూడా ఉంది, 15 కిలోల లోపు పిల్లలకు ఇవ్వరు. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఈ మందుకు మూలం కనుగొన్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ పంచుకున్నారు. మాలథియాన్ లోషన్ పనిచేస్తుంది కానీ వాసన గట్టిది, మంటంటుకునే గుణం ఉంది, చిన్నపిల్లలకు తగదు. ఐరోపాలో డైమెథికోన్ అనే సిలికాన్ నూనె వాడకం పెరిగింది. అది పేనును కప్పేసి చంపుతుంది, నరాలతో పని లేదు గనక పేను దానికి అలవాటుపడే అవకాశం తక్కువ. అదీ తలకున్నంతసేపు పొయ్యి దగ్గరికీ దీపం దగ్గరికీ పిల్లను పోనివ్వకూడదు.

ఒకప్పుడు మనదేశంలో విరివిగా రాసిన లిండేన్ లోషన్ గురించి ఒక హెచ్చరిక అవసరం. చర్మం గుండా ఒంట్లోకి చేరి మూర్ఛలు తెప్పించగలదు కాబట్టి పిల్లల వైద్య సంఘాలు దాన్ని వద్దంటున్నాయి. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని ప్రపంచవ్యాప్తంగా తొలగించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చింది. పాత సీసా ఇంట్లో ఉంటే పిల్లల తలకు వాడకూడదు.

ఇంటి వైద్యాలు

కొబ్బరినూనె దువ్వకానికి సాయం చేస్తుంది, ఒంటరిగా పేలను చంపుతుందన్న ఆధారం చాలదు. అక్కడి వరకు ఇబ్బంది లేదు. సీతాఫలం గింజల పొడి విషయం వేరు. పేలను చంపే గుణం దానికి నిజంగానే ఉంది, అందుకే తెలుగు ఇళ్లలో తరతరాలుగా వాడుతున్నారు. ఆ పొడి కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర కాలిపోతుంది. భరించలేని మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. ఇలాంటి కేసులను మనదేశపు కంటి వైద్యులు ఎన్నో నమోదు చేశారు. తలకు పట్టించి కడిగేటప్పుడే అది కంట్లోకి జారుతుంది. చేతిలో పెర్మెత్రిన్ సీసా ఉన్న కాలంలో పిల్ల చూపుతో ఆ పందెం ఎందుకు కాయాలి? పొరపాటున పడితే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

కర్పూరం కలిపిన నూనె చిన్నపిల్లల్లో మూర్ఛలకు దారితీయవచ్చు. వేపనూనె తలకు రాసినప్పుడు కాక, చంటిపిల్లల నోట్లోకి పోయినప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. కిరసనాయిలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది, మింగినా ఊపిరితిత్తుల్లోకి పోయినా న్యుమోనియా తెస్తుంది, పొయ్యి పక్కన ఉంటే పిల్ల తల అంటుకుంటుంది.

అన్నింటికంటే ఘోరమైనది పొలానికి తెచ్చిన పురుగుమందు. పత్తి, మిరప పండించే ఊళ్లలో ఇంటి మూలనో పశువుల కొట్టంలోనో డబ్బా ఉంటుంది, పురుగును చంపేది పేనునూ చంపుతుందన్న ఆలోచన సహజంగానే వస్తుంది. మాడు చర్మం మందును తేలిగ్గా పీల్చుకుంటుంది, గోకిన పుండ్లుంటే అది ఇంకా వేగంగా నెత్తుట్లో కలుస్తుంది. నోట చొంగ, చెమటలు, వాంతులు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, ఊపిరి అందకపోవడం విషం ఎక్కిన గుర్తులు. బట్టలు విప్పేసి, తలా ఒళ్లూ సబ్బుతో ధారాళంగా కడిగి, మందు డబ్బా వెంట తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాలి. చీమల పొడి, బొద్దింకల స్ప్రే కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఇల్లు, బడి, హాస్టల్

ఇల్లంతా మందు కొట్టాల్సిన పని లేదు. గత రెండు రోజుల్లో పిల్ల తలకు తగిలిన గలీబు, దుప్పటి, తువ్వాలు, రిబ్బన్లు వేడినీళ్లలో ఉతికితే చాలు. దువ్వెనలను 55 డిగ్రీలు దాటిన నీళ్లలో పది నిమిషాలు నానబెట్టాలి. ఉతకలేని బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి రెండు వారాలు పక్కన పెట్టవచ్చు.

పేలున్న పిల్లను బడి నుంచి ఇంటికి పంపేయడం శాస్త్రం ఒప్పుకోని పని. దొరికేనాటికి ఆ పిల్ల తలలో పేలుండి నెల దాటి ఉంటుంది, మరో పూట బడిలో ఉంటే కొత్తగా జరిగే నష్టం లేదు. అమెరికా పిల్లల వైద్య అకాడమీ 2022లో తిరగరాసిన మార్గదర్శకంలో పేలున్న పిల్లలను బడికి దూరం పెట్టవద్దనీ, ఈపులన్నీ పోతేనే రానిస్తామనే నియమాలు మానుకోవాలనీ చెప్పింది. పేరు అందరి ముందు పిలవకుండా తల్లిదండ్రులకు విడిగా చెప్పడం, తరగతిలో మిగిలిన పిల్లల ఇళ్లకూ ఎవరి పేరూ లేకుండా తల చూసుకోమని చీటీ పంపడం సరైన పద్ధతి. జడ బిగించి వేసి మడిచి కట్టడం తాకిడిని తగ్గిస్తుంది.

గుండు చేయిస్తే పేలు పోతాయి, అందులో సందేహం లేదు. వేలాడేందుకు వెంట్రుక లేకపోతే పేను బతకదు. మొక్కు తీర్చుకోవడానికి తిరుమలలో ఇష్టంగా తలనీలాలివ్వడం వేరు, పదేళ్ల ఆడపిల్లకు ఏడుస్తుండగా పేల పేరిట గుండు చేయించడం వేరు. నయం చేసే మందు ఉండగా రెండోది చేయకూడదు.

బాలికల సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో సమస్య ఇంటిలో కంటే కష్టమైనది. పక్కపక్కనే పడకలు, అందరికీ పొడుగు జుట్టు, సెలవులకు ఇళ్లకు వెళ్లి రాగానే కొత్త పేలు. ఒక్కో పిల్లకు విడిగా వైద్యం చేస్తే అక్కడ ఎప్పటికీ తెమలదు. సెలవులయ్యి అందరూ తిరిగొచ్చిన వారంలో గదిలో ఉన్నవారందరి తలలూ తడిపి దువ్వించాలి. పేలు దొరికిన పిల్లలకూ, వారి పక్క పడకల వారికీ ఒకే పూట మందు రాయించాలి. తొమ్మిదో రోజున ఆ గదికంతా మళ్లీ అదే జరగాలి. ఆదివారం తలంటు రోజున పిల్లలు జతలుగా ఒకరికొకరు దువ్వుకునేలా ఏర్పాటు చేయవచ్చు. పెద్ద తరగతుల అమ్మాయిలకు దువ్వే తీరు ఒకసారి నేర్పితే చిన్నపిల్లల తలలు వాళ్లే చూస్తారు. ఒక్కో పిల్లకూ విడి దువ్వెన, గదికి రెండు మూడు లోహపు పేల దువ్వెనలు, వాటిని నానబెట్టేందుకు వేడినీళ్ల బకెట్ ఉండాలి. హాస్టల్ కొనుగోళ్ల జాబితాలో సబ్బులు, కొబ్బరినూనెతో పాటు పెర్మెత్రిన్ సీసాలు కూడా చేరాలి, రెండు మోతాదులకూ సరిపడా.